మూడు పాయల రొట్టె

మా వంటింట్లో ఒక ఎనామిల్ పళ్ళెం ఉంది. తెల్లది, నీలం అంచు. రెండు మూలల్లో పెచ్చు లేచిపోయి లోపలి ఇనుము నల్లగా కనిపిస్తుంది. మొన్న సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన మా అమ్మాయి అటక మీద సామాన్లు సర్దుతూ, "దీన్ని ఇంకా ఎందుకు దాచావమ్మా?" అని అడిగింది. రెండు మాటల్లో చెప్పలేకపోయాను. చెప్పడం మొదలుపెట్టాక ఆ పూటంతా పట్టింది. మర్నాడు ఇద్దరం కలిసి మైదా కలిపాం.

ఆ పళ్ళెం బ్రెడ్డాంటీది.

నా చిన్నప్పుడు మేం విశాఖ మల్కాపురంలో అద్దెకుండేవాళ్ళం. నాన్న షిప్‌యార్డులో రిగ్గర్. ఓడ కట్టేచోట బరువైన ఇనుప పలకల్ని, యంత్రాల్ని తాళ్ళకీ వైరు రోప్‌లకీ తగిలించి, క్రేనుకి అందించి, అనుకున్న చోట అంగుళం తేడా రాకుండా దించడం రిగ్గర్ల పని. వైరు రోప్ చివర పాయలు విప్పి, వాటినే మళ్ళీ వెనక్కి దూర్చి కన్ను, అంటే గుండ్రటి ఉచ్చు, కట్టేది కూడా వాళ్ళే. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా ఓడల కంపెనీ తరఫున మొదలుపెట్టిన యార్డు అది. ప్రభుత్వం తీసుకున్నాక పేరు హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది గానీ, ఆ చుట్టుపక్కల ప్రాంతం మాత్రం మాకు ఇప్పటికీ సింధియాయే. 1948 మార్చిలో నెహ్రూ వచ్చి 'జల ఉష' ఓడని నీళ్ళలోకి వదిలినరోజు మా తాత ఆ జనంలో నిలబడి చూశాడట. ఆ కథ వినీ వినీ నేనూ అక్కడ ఉన్నట్టే అనిపించేది.

నాన్న మాటల్లో సగం యార్డు మాటలు. క్రేను బరువుని కిందికి దించాలంటే "ఆరియా" అనాలి. ఎప్పుడో పోర్చుగీసు నావికుల నుంచి మన ఖలాసీల నోటికొచ్చిన మాట అది. అరచెయ్యి కిందికి తిప్పి, వేళ్ళు మెల్లగా ఆడిస్తూ "ఆరియా... ఆరియా..." అంటూ చూపించేవాడు. నన్ను భుజాల మీంచి దించేటప్పుడూ అదే మాట. మా ఇంట్లో బీరువా జరిపినా, అటక మీంచి గంగాళం దింపినా ఇప్పటికీ అందరి నోటా అదే వస్తుంది.

పక్క వాటాలో ఉండే ఆంటీ ఆంగ్లో ఇండియన్. ఆవిడ నాన్న రైలింజను డ్రైవరు. ఆవిడ పుట్టి పెరిగిందంతా వాల్తేరు రైల్వే కాలనీలో. ఇప్పుడందరూ విశాఖపట్నం స్టేషన్ అంటున్నారు గానీ, 1987 దాకా ఆ స్టేషన్ పేరు వాల్తేరే. ఆంటీ భర్త యార్డులో ఫోర్‌మన్, అందుకే మా వీధికొచ్చారు. మోకాళ్ళ కింది దాకా పూలగౌను, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు. నోరు తెరిస్తే మాత్రం అచ్చమైన మా వైజాగు తెలుగు. "ఏటి గుంటా, బడికి ఎల్లలేదా?" అని గుమ్మంలోంచే కేకేసేది. శనివారం సాయంత్రం ఆవిడ వాటాలోంచి రొట్టె కాలుతున్న వాసన వస్తే, వీధిలో గోళీలాడుతున్న పిల్లలు ఆట ఆపేసేవాళ్ళు. అలా మా అందరికీ ఆవిడ బ్రెడ్డాంటీ అయింది.

అమ్మకీ ఆంటీకీ పాతికేళ్ళ తేడా ఉంటుంది. అమ్మ ఆవిడని "అమ్మగారూ" అనేది, ఆవిడ అమ్మని "అమ్మాయ్" అనేది. మార్గశిర గురువారాల్లో అమ్మ బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గరికి వెళ్తే ఆంటీ తోడు వెళ్ళేది. డిసెంబరు 8న ఆంటీ కొండగుడికి వెళ్తే అమ్మ తోడు వెళ్ళేది. పాత పట్నంలో హార్బరు కాలువకి ఎదురుగా మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద మేరీమాత గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. నన్ను చంకనెత్తుకుని ఆ మెట్లన్నీ ఎక్కామని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆంటీ పొయ్యి గురించి చెప్పాలి. అప్పట్లో కరెంటు ఓవెన్ మా వీధిలో ఎవరికీ లేదు. ఆవిడకి ఒక రేకు పెట్టె ఉండేది. ముందు తలుపు, లోపల ఒక జాలీ అర. దాన్ని వత్తుల స్టవ్ మీద ఎక్కించి వాడేది. లోపల వేడి ఎంతుందో తెలియడానికి ఒక కాగితం ముక్క పెట్టి తలుపేసేది. కాసేపటికి తీసి చూస్తే కాగితం లేత గోధుమరంగుకి తిరిగి ఉండాలి. తెల్లగానే ఉంటే వేడి చాలలేదు, నల్లబడితే వత్తులు దించాలి. నేనిప్పుడు 180 డిగ్రీలని తిప్పి పెట్టే మీట దగ్గర నిలబడ్డప్పుడల్లా ఆ కాగితం గుర్తొస్తుంది.

ఈస్ట్ పూర్ణా మార్కెట్ నుంచి చిన్న డబ్బాలో తెచ్చుకునేది. ఆవిడ చిన్నతనంలో వాళ్ళమ్మ ఈస్ట్ దొరక్క కల్లు పోసి పిండి కలిపేదట. తెల్లారగట్ల దింపిన కల్లు తెప్పించి, నురగ కట్టేదాకా ఉంచి, పిండిలో పోసేది. కల్లులో ఉండేదీ ఆ ఈస్టే, డబ్బాలో ఎండబెట్టి అమ్మేదీ ఆ ఈస్టే అని ఆంటీ చెప్పినప్పుడు అమ్మ చాలాసేపు ఆశ్చర్యపోయింది. "అయితే మా ఇడ్లీ పిండి పొంగినట్టేనా?" అని అడిగింది. దాదాపు అంతే గానీ ఒక పెద్ద తేడా ఉంది. బియ్యం, మినప్పప్పు పిండిలో పుట్టిన గాలిని పట్టి ఉంచేది మినప్పప్పు జిగురు. అది ఆవిరి మీద నిలుస్తుంది గానీ సాగదు. గోధుమలో గ్లూటెన్ ఉంటుంది. తడిపి మర్దించేకొద్దీ అది వలలా అల్లుకుని, లోపల ఈస్ట్ ఊదే గాలిని బుడగలు బుడగలుగా పట్టుకుంటుంది. ఈ శాస్త్రం నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అమ్మకి ఇవేవీ తెలియకుండానే చేతికి తెలుసు. బొబ్బట్ల కోసం మైదా తడిపి, నూనెలో ముంచి, గంటలు నాననిచ్చే చెయ్యి అది. ఆంటీ పిండిని మొదటిసారి ముట్టుకోగానే, "ఇంకా బిగుసుకుని ఉందండీ, ఇంకాస్త పిసకాలి" అంది. ఆవేళ నుంచి పిండి కలిపే పని అమ్మది, కాల్చే పని ఆంటీది.

ఆ రొట్టె మామూలు బ్రెడ్డులా డబ్బా ఆకారంలో ఉండేది కాదు. మూడు పాయల జడలా ఉండేది. పైన గుడ్డుసొన రాసి కాలిస్తే రాగి చెంబులా మెరిసేది. విరిస్తే లోపల పోగులు పోగులుగా, పీచు మిఠాయిలా విడివడేది. పాలు, వెన్న, గుడ్డు పడతాయి కాబట్టి మూడోరోజుకి కూడా మెత్తగానే ఉండేది. ఉంటే గింటే.

ఇక నాన్న సంగతి.

1984లో తమ్ముడి పురిటికి అమ్మ భీమిలి, అమ్మమ్మ గారింటికి వెళ్ళింది. నాకు తొమ్మిదేళ్ళు. స్కూలు పోతుందని నన్ను నాన్న దగ్గరే ఉంచేసింది. మధ్యాహ్నం భోజనం ఆంటీ ఇంట్లో. మిగిలినవన్నీ నాన్నే చూసుకున్నాడు. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు మా స్కూలు నియమం. మొదటిరోజు పొద్దున్న నన్ను పీట మీద కూర్చోబెట్టి, నూనె రాసి, పాయలు తీసి, యార్డులో తాడు పట్టినట్టే పట్టి బిగించాడు. నా కళ్ళు చెవుల వైపు లాగేశాయి. ఆ జడలు సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక చెదరలేదు. రాత్రి విప్పితే తల మొత్తం సలుపు. నేను నాన్నతో చెప్పలేదు. అంత జాగ్రత్తగా అల్లినవాడితో ఎలా చెబుతాం? నాలుగోరోజు ఆంటీయే నా నుదురు చూసి గుర్తుపట్టింది. "ఏటి బాబూ, ఆడపిల్ల జుట్టనుకున్నావా, ఓడ లంగరు తాడనుకున్నావా?" అని నాన్నని గట్టిగా మందలించింది. నాన్న ఏమీ అనలేదు. ఆ రాత్రి నా తల ఒళ్ళో పెట్టుకుని కొబ్బరినూనె మర్దనా చేస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

ఆ నెలలోనే ఒక శనివారం ఆంటీ కుడిచేతి మీద వేణ్ణీళ్ళు ఒలికి బొబ్బలెక్కాయి. పిండి అప్పటికే పొంగి ఉంది. మర్నాడు ఈస్టరు. నాన్న పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి, నన్ను తీసుకెళ్ళడానికి గుమ్మంలో నిలబడ్డాడు. ఆంటీ ఎడం చేత్తో పాయలు చెయ్యబోతుంటే చూసి, చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. "ఇలా ఇవ్వండమ్మగారూ, తాడు పనే కదా" అన్నాడు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. గ్రీజు మరకలు గోళ్ళ సందుల్లోంచి పోయేదాకా తోముకోవడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది.

మూడు ముద్దలూ తూకం వేసినట్టు సమానంగా తీశాడు. ఒక్కొక్కదాన్నీ రెండు అరచేతుల కింద దొర్లిస్తూ పొడుగు లాగాడు. మధ్యలో లావు, రెండు చివరలా సన్నం. ఎందుకలా అని ఆంటీ అడిగితే, రోప్ కన్ను కట్టేటప్పుడు పాయల చివర్లు సన్నం చెయ్యకపోతే ముడి దగ్గర గడ్డ కట్టినట్టు ఉంటుందన్నాడు. ఆంటీ పై చివర నుంచి అల్లేది. నాన్న మధ్యలోంచి మొదలుపెట్టి ఒకవైపు పూర్తిచేసి, తిప్పి రెండోవైపు అల్లాడు. అప్పుడు రెండు కొసలూ ఒకేలా వచ్చాయి. కొసల్ని కిందికి మడిచి దాచేశాడు. ఆంటీ చూస్తూ నిలబడింది. నలభై ఏళ్ళుగా చేస్తున్నదాన్ని నాకు ఇది తట్టలేదే అంది.

కానీ నాన్న దాన్ని బిగించాడు. అల్లినప్పుడు చూడ్డానికి శిల్పంలా ఉంది. పొయ్యిలోకి వెళ్ళాక లోపలి గాలి వేడికి ఉబ్బి, పాయలు కదలడానికి చోటు లేక, రొట్టె పక్క నుంచి పగిలింది. ఆ చివర నుంచి ఈ చివరకి పెద్ద చీలిక. నాన్న ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆంటీ మాత్రం ఏమీ అనకుండా ఆ రొట్టెనే గుడ్డలో చుట్టి మర్నాడు చర్చికి తీసుకెళ్ళింది. వచ్చాక నాన్నని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది. చల్లారిన ఒక ముక్క చేతికిచ్చి, "పిండి ఇంకా పెరుగుద్ది బాబూ. నువ్వు అల్లేటప్పటికి అది సగమే. మిగతా సగానికి చోటు ఉంచాల" అంది.

మరుసటి శనివారం నాన్న షిఫ్టు దిగి తిన్నగా ఆంటీ వంటింట్లోకే వెళ్ళాడు. పాయలు ఒకదాని మీద ఒకటి ఊరికే పడుకోబెట్టినట్టు అల్లాడు. పాయకీ పాయకీ మధ్య చిటికెన వేలు దూరేంత సందు. తడిగుడ్డ కప్పి ముప్పావుగంట ఉంచేసరికి ఆ సందులన్నీ పూడిపోయాయి. ఈసారి పగల్లేదు. సోమవారం పొద్దున్న నా జడలు అల్లుతున్నప్పుడు మొదటిసారి నాన్న చెయ్యి తేలికపడింది. "తాడైతే బిగువు, జడైతే కుదురు, పిండైతే వదులు" అని తనలో తనే అనుకుంటూ రిబ్బను కట్టాడు. ఆ మాట నేను స్కూలుకి నడుస్తున్నంతసేపూ అనుకుంటూ వెళ్ళాను.

అమ్మ తమ్ముణ్ణి తీసుకుని తిరిగొచ్చేటప్పటికి రొట్టె అల్లే పని నాన్నది అయిపోయింది. అమ్మ పిసకడం, నాన్న అల్లడం, ఆంటీ కాల్చడం. ఏడేళ్ళపాటు అలాగే సాగింది. షిఫ్టు కుదరని శనివారాల్లో మాత్రం ఆంటీయే అల్లుకునేది. అప్పటికి తనూ మధ్యలోంచే మొదలుపెట్టేది.

1991లో ఆంటీ వాళ్ళు పిల్లల దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. రైల్వే కాలనీల్లోని ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఆ దారినే వెళ్ళాయి. రేకు పెట్టెని ఎవరో బంధువులకి ఇచ్చింది. పళ్ళెం మాకిచ్చింది. స్టేషన్లో నాన్న వాళ్ళ పెట్టెలకి తాళ్ళు కట్టాడు. "ఇవి మాత్రం బిగించు బాబూ, చాలా దూరం ఎల్లాల" అంది ఆంటీ. రైలు కదిలేదాకా అమ్మ కిటికీ ఊచ వదల్లేదు.

కొన్నాళ్ళు ఉత్తరాలు వచ్చేవి. ఒక ఉత్తరంలో, ఇక్కడ ఒక్కో దేశం వాళ్ళదీ ఒక్కో జడ ఉందే అమ్మాయ్ అని రాసింది. నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. యూదులు శుక్రవారం సాయంత్రం సబ్బాతు భోజనానికి జడ రొట్టె చేసుకుంటారు. దాని పేరు హల్లా. మాంసంతో పాలు కలిపి తినకూడదన్నది వాళ్ళ ఆచారం కాబట్టి అందులో పాలు, వెన్న వెయ్యరు, నూనె, గుడ్లే. స్విట్జర్లాండ్‌లో ఆదివారం ఉదయం తినే వెన్న రొట్టెని త్సోప్ఫ్ అంటారు. జర్మన్ భాషలో ఆ మాటకి అర్థం జడే. గ్రీకులు ఈస్టరుకి అల్లిన తీపిరొట్టెలో ఎర్రరంగు వేసిన గుడ్డు గుచ్చుతారు. మా అమ్మకి ఇవన్నీ చదివి వినిపిస్తే, "ఆడపిల్లలున్న ఇళ్ళన్నీ అంతేనే" అంది.

ఆ తర్వాత కొన్నేళ్ళు మేం రొట్టె చెయ్యలేదు. నా చదువు, పెళ్ళి, తమ్ముడి ఉద్యోగం. 2004లో నాన్న రిటైరయ్యాడు. నేను ఎంవీపీ కాలనీలో ఫ్లాటు తీసుకున్నాక అమ్మానాన్న మా దగ్గరికి వచ్చేశారు. పళ్ళెం అమ్మ వెంట వచ్చింది. అందులో ఎండు మిరపకాయలు పోసి ఎండబెట్టేది.

మళ్ళీ రొట్టె వైపు నడిపించింది హుద్‌హుద్ తుఫాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకి 180 కిలోమీటర్ల వేగంతో గాలి. మేం ఆరుగురం హాలు మధ్యలో, కిటికీలకి దూరంగా కూర్చున్నాం. బాల్కనీ తలుపు ఊడి వస్తుందేమోనని నాన్న నైలాన్ తాడుతో దాన్ని సోఫా కాలికి కట్టాడు. ఆ ముడి నిలిచింది. మర్నాడు బయటికొస్తే మా విశాఖ మాకే కొత్తగా ఉంది. కైలాసగిరి మీద పచ్చదనమే లేదు. రోడ్లకి అడ్డంగా ఎక్కడ చూసినా చెట్లే. కరెంటు లేదు, ఫోన్లు లేవు, మోటారు ఆడక నీళ్ళు లేవు. పాల ప్యాకెట్టు కోసం గంటల తరబడి లైను. బ్రెడ్డు, బిస్కెట్లు దుకాణాల్లో దొరకడం మానేశాయి.

మూడోరోజు అమ్మ డబ్బాలన్నీ వెతికి కిలో మైదా, కాస్త పాలపొడి, నేను కేకుల కోసం తెచ్చిన ఈస్ట్ ప్యాకెట్టు బయటికి తీసింది. మా ఓవెన్ కరెంటుది, దాంతో పనిలేదు. గ్యాసు మాత్రం ఉంది. పెద్ద దబరగిన్నెలో రెండు కిలోల రాళ్ళుప్పు పరిచి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, మూత వేసి, పదిహేను నిమిషాలు వేడెక్కనిచ్చాం. తాగడానికి దాచిన నీళ్ళలోంచి గ్లాసుడు తీసి పాలపొడి కలిపింది అమ్మ. ఆ గ్లాసుడు తియ్యడానికి నేను వెనకాడితే, "బేగ తియ్యి, నాలుగిళ్ళకి వస్తుంది" అంది.

గుండ్రటి గిన్నెలో పొడుగు రొట్టె పట్టదు. నాన్న కాసేపు ఆలోచించాడు. మూడు పాయలూ అల్లి, రెండు కొసల్నీ దగ్గరికి తెచ్చి, ఈ కొస పాయల్ని ఆ కొస పాయల్లోకి ఒక్కొక్కటిగా దూర్చి కలిపేశాడు. తాడుని వలయంగా కలిపే పద్ధతి అది. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఎంత చూసినా తెలియలేదు. పిండి కంకణం. సన్నమంట మీద ముప్పావుగంట ఉంచాం. వేడంతా కిందనుంచే కాబట్టి పైభాగం రంగు తేలకుండా తెల్లగానే ఉండిపోయింది. అప్పుడు అమ్మ పెనం వేడి చేసి, రొట్టెని బోర్లించి రెండు నిమిషాలు అదిమింది. ఆ సాయంత్రం కొవ్వొత్తి పట్టుకుని మా అంతస్తులో నాలుగిళ్ళకీ తిరిగి పంచాం. ఎదురింటి పెద్దాయన ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. మూడురోజులుగా అటుకులే తింటున్నారట.

ఆంటీ లేదన్న కబురు ఆ మరుసటి ఏడాది వచ్చింది. ఆ వారం అమ్మ పళ్ళెంలోంచి మిరపకాయలు తీసేసి, చింతపండుతో తోమి బోర్లించింది. మళ్ళీ అందులో ఇంకేదీ పొయ్యలేదు.

ఇప్పుడు నేను చేసే కొలతలు రాస్తాను, ఎవరైనా చేసుకుంటే సంతోషం. మైదా 500 గ్రాములు, గోరువెచ్చటి పాలు 250 మిల్లీలీటర్లు, పంచదార 60 గ్రాములు, ఈస్ట్ 7 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు, గుడ్డు ఒకటి, మెత్తబడిన వెన్న 60 గ్రాములు. పైన రాయడానికి ఇంకో గుడ్డు. పాలు కాచి చల్లార్చినవే వాడండి. పచ్చిపాలలో ఉండే ఒక ప్రొటీను పిండిని సడలిస్తుంది, కాస్తే ఆ గుణం పోతుంది. మన ఇళ్ళలో ఎలాగూ కాచిన పాలే కాబట్టి ఇబ్బంది లేదు. పాలలో వేలు పెడితే హాయిగా ఉండాలి, చురుక్కుమంటే ఈస్ట్ చచ్చిపోతుంది. వెన్న మొదట్లోనే వెయ్యకండి. కొవ్వు ముందే పిండిని పట్టేస్తే గ్లూటెన్ అల్లుకోదు. పది నిమిషాలు పిసికి, పిండి నునుపెక్కాక, కొంచెం కొంచెంగా చేర్చండి. వెన్న వేసిన వెంటనే పిండి జారిపోయి చేతులకంతా అంటుకుంటుంది. అక్కడే చాలామంది భయపడి ఇంకో గుప్పెడు మైదా చల్లేస్తారు. దయచేసి చల్లకండి. ఇంకో అయిదారు నిమిషాలు ఓపిక పడితే అదే దగ్గరపడుతుంది. చిన్న ముక్క తీసి రెండు చేతుల వేళ్ళతో సాగదీస్తే తెగకుండా, అవతలి వెలుతురు కనిపించేంత పల్చగా రావాలి. అమ్మ దీన్ని చూడకుండానే, పిండి మీద చెయ్యి వేసి చెప్పేస్తుంది.

ఎంతసేపు పొంగాలన్నది గడియారం చెప్పదు. మన విశాఖలో మే నెలలో ముప్పావుగంటకే రెట్టింపవుతుంది, డిసెంబరులో గంటన్నర కావచ్చు. సముద్రపు గాలికి మైదా డబ్బాలోనే తేమ పడుతుంది, అందుకే వానాకాలంలో పాలు రెండు చెంచాలు తగ్గిస్తాను. అల్లాక రెండోసారి పొంగనిచ్చి, వేలితో మెల్లగా నొక్కితే ఆ గుంట నిదానంగా, సగమే పూడాలి. అప్పుడు గుడ్డుసొన రాసి 180 డిగ్రీల్లో 25 నుంచి 30 నిమిషాలు. వేడి మీద కొయ్యకండి, లోపల ముద్ద కడుతుంది. ఈ చివరి మాట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పాటించలేదు, అయినా చెప్పడం నా ధర్మం.

సంక్రాంతి మర్నాడు అమ్మ మంచం మీంచే పిండి గిన్నె తెప్పించుకుని, అరచేత్తో ఒకసారి నొక్కి, "ఇంకో అయిదు నిమిషాలు" అంది. మోకాళ్ళ నొప్పులతో ఎక్కువసేపు నిలబడలేదు గానీ చేతుల్లో బలం తగ్గలేదు. నాన్నకి తిరగబడింది. కాళ్ళు బాగానే ఉన్నాయి, రోజూ బీచి దాకా నడిచి వస్తాడు. వేళ్ళే ముడుచుకుపోయాయి. కీళ్ళు వాచి, చొక్కా బొత్తాలు కూడా నేనే పెడుతున్నాను. పాయ చెయ్యడానికి పిండి ముద్ద మీద అరచేతులు పెట్టాడు. ఒకసారి దొర్లించాడు. వేళ్ళు విచ్చుకోలేదు, పిండి ఒకచోట నలిగింది. చేతులు తీసేసి, తుడుచుకుని, కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. "నువ్వు చెయ్యమ్మా, నేను చెబుతాను" అన్నాడు మా అమ్మాయితో.

అది చురుకైన పిల్ల. మూడు పాయలు చకచకా చేసేసింది. మధ్యలోంచి అల్లడం మొదలుపెట్టి, రెండు మెలికలు అయ్యేసరికి అందరి చేతుల్లాగే దాని చేతులూ బిగించడం మొదలుపెట్టాయి. నాన్న ఏమీ అనలేదు. ముడుచుకున్న వేళ్ళతోనే దాని మణికట్టు మీద చెయ్యి ఆనించాడు, అంతే. అది ఆగి, తాతయ్య ముఖం చూసి, పాయలు కాస్త వదిలింది. అలా కొస దాకా ఆయన చెయ్యి దాని చేతి మీదే ఉంది.

అల్లిన రొట్టె గట్టు మీద పొడుగ్గా పడుకుంది. దాన్ని పళ్ళెంలోకి మార్చాలి. పొంగిన పిండి కదా, ఒకరు పట్టుకుంటే మధ్యలో సాగి వంగిపోతుంది. నేనొక కొస, మా అమ్మాయి ఒక కొస, మధ్యలో ఇద్దరి అరచేతులూ కింద పెట్టి ఎత్తాం. నీలం అంచు పళ్ళెం కింద ఉంది. ఎవరు ముందు దించాలో తెలియక ఇద్దరం ఒక్కక్షణం గాల్లోనే ఆగిపోయాం.

కుర్చీలోంచి నాన్న చెయ్యి లేచింది. అరచెయ్యి కిందికి తిరిగింది.

"ఆరియా..." అన్నాడు. "ఆరియా..."